ఆదివారం కొత్త వెర్షన్: శుక్రవారం లోపు మీ మార్పులు

మిత్రులారా, మన ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం) సర్వర్ లైబ్రరీ కొత్త వెర్షన్ ఆదివారం విడుదల చేస్తున్నాం. మీ కోడ్ మార్పులు శుక్రవారం రాత్రి లోపు పంపండి. ఆలస్యమైతే వచ్చే విడతకే.

ఈసారి అసలు పని ఒకటుంది. పరిమితి దాటిన అభ్యర్థనలకు ఇప్పటిదాకా 500 (సర్వర్ లోపం అని చెప్పే కోడ్) వెళ్తోంది. సర్వర్‌లోనే ఏదో లోపమనుకుని క్లయింట్లు (సర్వర్‌ను అడిగే ప్రోగ్రాములు) వెంటవెంటనే మళ్లీ అడుగుతున్నాయి, భారం ఇంకా పెరుగుతోంది. ఇకపై 429 (అభ్యర్థనలు మరీ ఎక్కువయ్యాయని చెప్పే కోడ్) పంపి, ఎన్ని సెకన్లు ఆగాలో జవాబుతో పాటు వెళ్లే ‘రిట్రై-ఆఫ్టర్’ హెడర్‌లో చెబుదాం. పరీక్షలు కూడా జతచేయండి. అవి లేని సవరణను నేనైతే కలపను, ఎవరు అలిగినా సరే!

పాత ఫంక్షన్లను ఇప్పుడే తీసేయకండి, హెచ్చరిక పెడితే చాలు. తొలగింపు 3.0 వెర్షన్‌లోనే.

డాక్యుమెంటేషన్ సరిచూడటానికి ఇద్దరు కావాలి, ఇక్కడే చెప్పండి.

మరోసారి గుర్తుచేస్తున్నాను: భద్రతా లోపం కనిపిస్తే బహిరంగంగా రాయకుండా నిర్వాహకులకు విడిగా తెలపండి.