ఫోటో చూసి అడ్వాన్స్ ఇవ్వకు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ దోస్త్,

నువ్వు కొంటానన్న షాట్‌గన్ ఫోటోలు చూశాను. పన్నెండు బోర్, ఒకదానిపై ఒకటి బ్యారెళ్లు, పక్కన చెక్కిన బాతులు. ముచ్చటగా ఉంది. కానీ ఇది చదివేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

నీది ఎడమచేతి వాటం. అమ్మకానికొచ్చే పాత గన్లలో చాలావాటి స్టాక్ (భుజానికి ఆనే వెనక చెక్క) కుడిచేతివాళ్ల కోసం కాస్త కుడికి వంచి ఉంటుంది. నువ్వు ఎత్తితే రిబ్, అంటే బ్యారెల్ పైన ఉండే పట్టీ, నీ కంటికి ఎదురుగా రాదు. షాట్‌గన్‌కు వెనక సైట్ (గురిచూసే గుర్తు) ఉండదు కదా, ఆ పని నీ కన్నే చేస్తుంది. కన్ను ఎక్కడ నిలవాలో నిర్ణయించేది చెంప కింది చెక్క. నా మొదటి గన్‌కు అది బాగా కిందికి ఉండేది. రిబ్ కనబడాలని తల ఎత్తేవాణ్ని, పెల్లెట్లన్నీ క్లే (గాల్లోకి విసిరే మట్టి బిళ్ల) పైనుంచి పోయేవి. రెండేళ్లు నా చేతినే తిట్టుకున్నాను రా! ఇప్పటికీ బాధే.

ముందు తెరిచి రెండు బ్యారెళ్లూ ఖాళీ అని చూసుకో. మనుషుల్లేని వైపు తిరిగి, కళ్లు మూసుకుని భుజానికెత్తు, చెంప ఆనించి కళ్లు తెరువు. బీడ్ (బ్యారెల్ కొసనున్న చిన్న పూస) రిబ్ మధ్యలో ఉండాలి. పదిసార్లు చెయ్యి. రేంజ్‌లో వేసుకునే జాకెట్ మీదే చూడు, బట్ట మందం మారితే స్టాక్ పొడవు లెక్క మారుతుంది. వీలైతే 16 గజాల నుంచి కాగితం మీద కాల్చు. గురి ఒక అంగుళం తప్పితే స్టాక్‌లో అంగుళంలో పదహారో వంతు సరిచేయాలి. కొద్ది తేడా అయితే పని తెలిసినవాళ్లు చెక్కను వేడిచేసి వంచుతారు.

ఇక ట్రిగ్గర్. బెరెట్టా 686 లాంటి వాటిలో మొదటి దెబ్బ అదురుకే రెండోది సిద్ధమవుతుంది. వానాకాలంలో నా మొదటి తూటా తుస్సుమంది, అదురు లేదు, రెండో బ్యారెల్ పలకనే లేదు. మెకానికల్ ట్రిగ్గర్‌కు ఆ తిప్పలు ఉండవు. స్నాప్ క్యాప్‌లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) పెట్టి నొక్కు. అదురు రకమైతే మొదటి క్లిక్ తర్వాత బట్ (స్టాక్ వెనక కొస) మీద అరచేత్తో కొట్టు, అప్పుడు రెండో క్లిక్ రావాలి. ఏ బ్యారెల్ ముందు పేలాలో ఎంచే సెలెక్టర్ మార్చి మళ్లీ చూడు. నొక్కకుండానే బట్ తట్టితే క్లిక్ వచ్చిందా, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

లైసెన్సు కాగితాలు పట్టుకుని ఉండు. శనివారం కాజీపేటలో పొద్దుటి రైలెక్కి సికింద్రాబాద్ వస్తా. స్నాప్ క్యాప్‌లు నేనే తెస్తా.

నీ
దోస్త్