బకెట్లు పక్కన పెట్టెయ్ అమ్ములూ

అమ్ములూ,

ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగం మీ అమ్మ ఫోన్ లాక్కుని చిన్నోడు ఏం తిన్నాడని అడగడంతోనే సరిపోతుంది. అందుకని రాస్తున్నాను, తీరిక దొరికినప్పుడు చదువుకో. విషయం నీ నడుం నొప్పి, పగడాలున్న నీ ఉప్పునీళ్ళ చేపల ట్యాంకు. నన్నడిగితే రెండూ ఒకటే.

నీ ట్యాంకు 180 గ్యాలన్లు, మన లెక్కలో దగ్గర దగ్గర 680 లీటర్లు. రెండు వారాలకోసారి పదో వంతు నీళ్ళు మార్చాలంటే 18 గ్యాలన్లు తియ్యాలి, 18 పొయ్యాలి. తీసేది 68 లీటర్లు, పోసేది 68 లీటర్లు, ఉప్పు నీళ్ళు కాబట్టి మంచినీళ్ళకంటే కాస్త బరువు కూడా, మొత్తం మీద 140 కిలోలు గరాజ్ నుంచి హాల్లోకి, హాల్లోంచి బాత్రూంలోకి నీ చేతుల మీద నడుస్తున్నాయి. ఆదివారం పొద్దున్నే ఎవరికి బుద్ధి పుడుతుంది చెప్పు? ఈ వారం వద్దులే అనుకుంటావు, వచ్చే వారం ఎవరిదో గృహప్రవేశం, ఆ పై వారం చిన్నోడికి జలుబు. ఈలోగా నైట్రేట్ (చేపల మురికి, మిగిలిన మేత కుళ్ళాక నీళ్ళలో మిగిలేది) ఎక్కుతుంది, అద్దానికి పాచి పడుతుంది, అప్పుడు టెన్షన్ పడి ఒకేసారి సగం ట్యాంకు మార్చేద్దామా అని నాకు మెసేజ్ పెడతావు. నువ్వు బద్ధకస్తురాలివేం కాదు, మీ అమ్మ ఏమన్నా సరే. పనికి ఏర్పాటు లేదు, అంతే.

నేను ఉప్పాడ తీరంలో రొయ్యల హేచరీలో పనిచేసినన్నాళ్ళూ రోజూ టన్నుల కొద్దీ సముద్రపు నీళ్ళు మారేవి. ఒక్కడు కూడా బకెట్‌తో మోసుకొచ్చి ట్యాంకులో పోసింది లేదు. సముద్రం నుంచి మోటారు లాగేది, ఇసుక ఫిల్టర్ దాటాక బ్లీచింగ్ వేసేవాళ్ళం, గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ని థయోసల్ఫేట్‌తో చంపి, పై ట్యాంకుకి ఎక్కిస్తే అక్కడి నుంచి వాల్వ్ తిప్పడమే, లార్వా ట్యాంకుల్లోకి దానంతటదే దిగేది. బకెట్ ఉండేది మేతకీ, సీడ్, అంటే రొయ్య పిల్లల, లెక్క చూసుకోడానికీ. నీ ఇంట్లోనూ అంతే రావాలి. నీళ్ళు తయారయ్యే చోటొకటి, పాత నీళ్ళు పోయే దారొకటి, మధ్యలో పైపు. నువ్వు స్విచ్ వేసి నిలబడి చూడాలి, మోయకూడదు.

ముందు నీళ్ళు తయారయ్యే చోటు సంగతి. గరాజ్ అన్నావు గానీ, మీ టెక్సాస్ ఎండల్లో గరాజ్‌లో డ్రమ్ము పెడితే జూలైలో అవి వేన్నీళ్ళే. లాండ్రీ రూములో వాషింగ్ మెషీన్ పక్కన చోటుందిగా, కుళాయి అక్కడే, డ్రెయిన్ అక్కడే, ఏసీ కూడా తగులుతుంది. అల్లుడుగారు తన క్రికెట్ కిట్ ఇంకెక్కడైనా పెట్టుకుంటే సరిపోతుంది (ఈ మాట నేనన్నానని చెప్పకు). 32 గ్యాలన్ల ప్లాస్టిక్ డబ్బాలు మూతతో సహా రెండు కొను. చెత్తడబ్బాలని అమ్మేవే, కాకపోతే తినే వస్తువులు దాచుకోడానికి పనికొస్తుందని ముద్ర ఉన్నది చూసి తీసుకో. ఒకదాంట్లో ఆర్వో నీళ్ళు, రెండోదాంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు.

ఆర్వో మెషీన్ నీ దగ్గర ఉంది కదా, దాని పైపు తెచ్చి ఆ డబ్బాలో పడేసి ఎప్పుడు నిండుతుందా అని కాపలా కాస్తున్నావట. ఆ కాపలా మానెయ్. డబ్బా పైభాగంలో కన్నం పెట్టి ఫ్లోట్ వాల్వ్ బిగించు, మన ఇంటి మీద ట్యాంకులో ఉండే బంతి లాంటిదే, చిన్నది. దానికి తోడు మెషీన్‌లో ఆటో షటాఫ్ వాల్వ్ కూడా ఉండాలి, లేకపోతే బంతి ఆపినా వేస్ట్ నీళ్ళు పోతూనే ఉంటాయి. రోజుకి 75 గ్యాలన్లని రాసి ఉన్న మెంబ్రేన్ (మెషీన్‌లో నీళ్ళు వడకట్టే పొర) కూడా చలికాలంలో అంత ఇవ్వదు, చల్లటి నీళ్ళకి దాని వేగం బాగా పడిపోతుంది, అది చెడిపోయిందనుకుని కొత్తది కొనేవు. ఇంకోటి, మీ ఫ్రిస్కో వైపు కుళాయి నీళ్ళలో కలిపేది క్లోరమీన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు), ఏటా మార్చి ప్రాంతంలో కొన్ని వారాలు మాత్రం ఉత్త క్లోరిన్‌కి మారుస్తారు. క్లోరమీన్‌ని కార్బన్ విరగ్గొడితే అమ్మోనియా మిగులుతుంది, దాన్ని మెషీన్ చివర ఉండే రెసిన్ గుళికలు పట్టాలి. అందుకని కార్బన్ కాట్రిడ్జ్, రెసిన్ రెండిటి విషయంలోనూ పిసినారితనం పనికిరాదు, నీళ్ళలో కరిగినవి కొలిచే టీడీఎస్ మీటరు సున్నా దాటిందంటే రెసిన్ మార్చెయ్యడమే. బయటికి పోయే వేస్ట్ నీళ్ళు మాత్రం డ్రెయిన్‌లోకి వదలకు, ఒక గ్యాలన్ మంచివి వస్తే మూడు నాలుగు వేస్టు పోతాయి, వాటిలో ఉప్పేమీ కలపలేదు కాబట్టి నీ కరివేపాకు కుండీకీ, బట్టల మెషీన్‌కీ భేషుగ్గా వాడుకోవచ్చు.

ఉప్పు కలపడం నీకు తెలుసు గానీ ఒకటి రెండు చెబుతాను. నీళ్ళలోకి ఉప్పు వెయ్యాలి, ఉప్పు మీద నీళ్ళు పొయ్యకూడదు. అడుగున ముద్దగా ఉన్న ఉప్పు మీద కాసిని నీళ్ళు పడ్డాయంటే అక్కడ చిక్కదనం మరీ ఎక్కువై కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లగా అడుగున పేరుకుపోతాయి, అది ఇక కరగదు, నీ పగడాలకు అందాల్సింది డబ్బా గోడకి పోతుంది. పంపు వేసి నీళ్ళు తిరుగుతుండగా గ్లాసు గ్లాసుగా చల్లు. మొదట బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా కనబడతాయి, కంగారు పడకు, కాసేపటికి డబ్బా అడుగు కనిపించేంత తేటపడతాయి. లీటరుకి 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, 25 గ్యాలన్లకి మూడున్నర కిలోలు అనుకో. ఒక్కసారి తూకం వేసి ఒక డబ్బాకి గీత పెట్టేసుకుంటే మళ్ళీ మళ్ళీ త్రాసు తియ్యక్కర్లేదు. అలాగని మీటరు చూడకుండా పొయ్యకు. సాలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు, 35 పిపిటి (వెయ్యికి 35 వంతులు), మీ భాషలో సాంద్రత 1.026. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని ఉత్త నీళ్ళతో సున్నాకి పెట్టి ఊరుకుంటే చాలదు, 35 అని అమ్మే సొల్యూషన్ చుక్క వేసి సరిచూడు. హేచరీలో వానాకాలం గోదావరి వరద సముద్రంలో కలిసినప్పుడు తీరం నీళ్ళ ఉప్పు పడిపోయేది, రోజూ చూసుకునేవాళ్ళం, ఆ అలవాటు నాకు ఇంకా పోలేదు. నీ ట్యాంకు ఫోటో పంపినప్పుడల్లా నేను అడిగే మొదటి ప్రశ్న అదే కదా.

ఎంతకాలం నిలవ ఉంచొచ్చన్నది ఉప్పుని బట్టి. కొన్ని రకాలు కలిపిన కొన్ని గంటల్లో వాడెయ్యమంటాయి, కొన్ని మూత పెట్టి వారాలు ఉంచినా ఏమీ కాదు. నీకు నిలవ ఉండే రకమే కావాలి, ప్యాకెట్ చదివి కొను. మొత్తం ఏర్పాటుకి ప్రాణం అదే, ఎందుకంటే నీళ్ళు ఎప్పుడూ తయారుగా ఉంటే మార్చడానికి పావుగంట చాలు. ఇంకో లాభం, 2021 ఫిబ్రవరిలో మీకు మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు గుర్తుందా, అలాంటప్పుడు ఒక డబ్బా ఉప్పు నీళ్ళు కలిపి ఉన్నాయంటే సగం ధైర్యం.

ఆ ఉప్పు డబ్బాలో పంపు ఒక్కటే చాలు, రెండు పనులూ చేస్తుంది. పంపు నుంచి వచ్చే పైపుకి టీ (T ఆకారం జాయింటు) బిగించి రెండు వైపులా రెండు బాల్ వాల్వ్‌లు పెట్టు. ఒక వాల్వ్ తెరిస్తే నీళ్ళు మళ్ళీ డబ్బాలోకే తిరిగి కలుస్తాయి, అది మూసి రెండోది తెరిస్తే హోస్ గుండా ట్యాంకు వైపు పోతాయి. పంపు కొనేటప్పుడు అట్టపెట్టె మీద గంటకి ఇన్ని గ్యాలన్లని రాసింది చూసి మురిసిపోకు, అది ఎత్తు లేకుండా ఇచ్చే లెక్క. పొడుగు హోస్‌లోంచి పైకి ఎక్కాలంటే అందులో సగం వస్తే గొప్ప. వాల్వ్‌లు, జాయింట్లు అన్నీ పీవీసీవే ఉండాలి. గార్డెన్ హోస్ చివర ఇత్తడి మర ఉంటుంది చూడు, అది పనికిరాదు. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి తగిలితే రొయ్యలు, నత్తలు, పగడాలు బతకవు. హేచరీ మొత్తం మీద నీళ్ళు తగిలే చోట ఒక్క ఇత్తడి కుళాయి కూడా పెట్టనిచ్చేవారు కాదు మా మేనేజరు. హోస్ కూడా తాగునీళ్ళకి పనికొచ్చే తెల్లది తీసుకో.

ఇప్పుడు అసలు కిటుకు. నీళ్ళు పై ట్యాంకులోంచి తియ్యకు, కింద క్యాబినెట్‌లో ఉన్న సంపులోంచి (ట్యాంకు నీళ్ళు దిగి మళ్ళీ పైకెళ్ళే తొట్టి) తియ్యి. పై నుంచి తీస్తే పగడాలు గాలికి తేలతాయి, చేపలు బెదిరిపోతాయి, నువ్వు స్టూలెక్కి చెయ్యి మోచేతి దాకా ముంచాలి. సంపు అయితే క్యాబినెట్ తలుపు తీసి కూర్చుని చేసే పని. ముందు సంపు హీటరు ఆపు, నురగతో మురికి తీసే స్కిమ్మర్ ఆపు, ఆవిరైన నీళ్ళు దానంతటదే నింపే ఆటో టాపాఫ్ తప్పకుండా ఆపు. అది మర్చిపోయావా, సంపులో మట్టం తగ్గింది నీళ్ళు ఆవిరైపోయాయనుకుని అది మంచినీళ్ళు పోసేస్తూ ఉంటుంది, నువ్వు పైన కొత్త ఉప్పు నీళ్ళు పోస్తావు, ఉప్పు పలచబడుతుంది, సంపు కూడా పొంగుతుంది. హీటరు నీళ్ళలోంచి బయటపడి వేడెక్కితే గాజు పగిలిపోతుంది. ఈ మూడింటి ప్లగ్గులూ, సంపు నీళ్ళు పైకెక్కించే రిటర్న్ పంపు ప్లగ్గూ స్విచ్‌లున్న ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టి ఒక్కోదానికి పేరు రాసి అతికించుకో.

తర్వాత రిటర్న్ పంపు ఆపు. పైనుంచి కాసిని నీళ్ళు సంపులోకి దిగుతాయి, దిగడం ఆగేదాకా ఆగు. పై మట్టం ఇక కదలదు. అప్పుడు సంపులో చిన్న పంపు వేసి హోస్ రెండో కొస లాండ్రీ డ్రెయిన్‌లో పెట్టి తోడెయ్యి. నీ సంపు 36 అంగుళాల పొడుగు, 18 వెడల్పు అన్నావు, దాంట్లో 18 గ్యాలన్లంటే ఆరున్నర అంగుళాల లోతు. టేపుతో పైన ఒక గీత, కింద ఒక గీత. సంపులో అడ్డు పలకలు ఉంటాయి కాబట్టి ఒక గది తోడితే పక్క గదిలో నీళ్ళు అలాగే నిలబడతాయి, పంపుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చుకోవాలి, గీత అన్ని గదులకీ వెయ్యి. తోడడం అయ్యాక డబ్బా వైపు వాల్వ్ తిప్పి పై గీత దాకా కొత్త నీళ్ళు ఎక్కించు. హోస్ కొస మాత్రం నీళ్ళలో మునగనివ్వకు, సంపు అంచుకి క్లిప్పు పెట్టి పైన వేలాడదియ్యి. మునిగి ఉంటే, పంపు ఆపాక సంపు మట్టం డబ్బా మట్టంకంటే ఎత్తులో ఉందనుకో, పోసిన నీళ్ళు సైఫన్ అయ్యి మళ్ళీ డబ్బాలోకే వచ్చేస్తాయి. ఆ తర్వాత రిటర్న్ వేసి, హీటరు, స్కిమ్మర్, చివరికి టాపాఫ్. అయిపోయింది. నడుం వంచాల్సిన పనే లేదు.

తీసిన నీళ్ళు పెరట్లో పొయ్యకు. గడ్డి మాడిపోతుంది, వాన నీళ్ళ కాలవలోకి కూడా పోనియ్యకూడదు. మన వైపు రొయ్యల చెరువుల ఉప్పు పక్క వరి చేలలోకి ఊరి ఎన్ని గొడవలయ్యాయో నీకు తెలుసు, మన పెదనాన్న పొలం సంగతి వేరే చెప్పాలా.

రోజూ నీళ్ళు వాటంతటవే కొంచెం కొంచెం మార్చే డోసింగ్ పంపులు కొందామా అన్నావు కదా, ఒక తల తీసేస్తుంది, ఒక తల పోస్తుంది. బాగానే ఉంటుంది. లెక్క మాత్రం తెలుసుకో. ఒకేసారి 30 శాతం మారిస్తే పాత నీళ్ళు 30 శాతం పోతాయి. రోజుకి ఒక శాతం చొప్పున 30 రోజులు మారిస్తే 26 శాతమే పోతాయి, కొత్తగా పోసిన దాంట్లోంచి కూడా కొంత బయటికి పోతుంది కాబట్టి. నాలుగు శాతం తేడా పెద్ద నష్టం కాదు, చేపలకి నెమ్మదిగా మారడమే సుఖం. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆ రెండు తలల్లో రబ్బరు గొట్టాలు అరిగిపోయి ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ లాగడం మొదలుపెడతాయి, తీసే తల ఎక్కువ లాగితే ఆ తేడాని టాపాఫ్ మంచినీళ్ళతో సర్దేస్తుంది, నీకు కనబడదు, సాలినిటీ మెల్లగా దిగజారుతుంది. కొంటే నెలకోసారి గ్లాసులో పట్టి కొలవాలి. నా ఉద్దేశం అడిగితే ముందు ఈ డబ్బాలు, పైపులు పెట్టుకుని కొన్నాళ్ళు చెయ్యి, తర్వాత కొను. డబ్బా ఎలాగూ దానికీ కావాల్సిందే.

ఇంత చేసినా ఒక పని చేత్తోనే. ఇసుకలో, రాళ్ళ వెనక పేరుకున్న మురికిని సైఫన్ గొట్టంతో లాగడం. నెలకోసారి చాలు, ఆ రోజు అదే నీళ్ళ మార్పు కింద లెక్క. ఇక నైట్రేట్ 40 ఉంటే పదో వంతు నీళ్ళు మారిస్తే 36 అవుతుంది, అంతకన్నా ఏమీ కాదు. చిన్నోడు గుప్పెడు మేత వేసి చప్పట్లు కొడుతుంటే ఎన్ని డబ్బాలు పెట్టినా లాభం లేదు. మేత డబ్బా పై అల్మారాలో పెట్టు, వాడికి రోజుకో చిటికెడు చేతిలో పోసి వెయ్యమను, వాడి సరదా వాడికి ఉండాలిగా.

ప్లగ్ పాయింటు నీళ్ళు తగిలితే ట్రిప్ అయ్యే రకమేనా చూడు, వైర్లు కిందకి వేలాడి మళ్ళీ పైకెక్కేలా పెట్టు, నీటి చుక్క వైరు వెంట జారి ప్లగ్గులోకి పోకుండా.

నువ్వు నాకు పంపాల్సినవి ఇవి: లాండ్రీ గోడ నుంచి ట్యాంకు క్యాబినెట్ దాకా గోడ వెంట ఎన్ని అడుగులు, మధ్యలో ఎన్ని తలుపులు, సంపు అంచు నేల నుంచి ఎంత ఎత్తు, లాండ్రీ డ్రెయిన్ పైపు నోరు ఎంత వెడల్పు. అవి వస్తే ఏ పంపు సరిపోతుందో లెక్కవేసి, టీలు, వాల్వ్‌లు ఏ సైజు ఎన్ని కావాలో బొమ్మ గీసి వాట్సాప్‌లో పెడతాను. అల్లుడుగారు ఈ లాంగ్ వీకెండ్ ఖాళీయేనని అమ్మతో అన్నాడట, కాబట్టి శుక్రవారంలోపు పంపు.

నాన్న