పోరస్ గెలిచాడురా!

రఘూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేయ్, ఆ తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, జవాబు రాయలేదు, తప్పు నాదే. ఇల్లు మారాం, ఉద్యోగం అదే, అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త నయం, పాప నడిచేస్తోంది, మిగతా కబుర్లు ఇంకోసారి. ఇప్పుడు రైల్లో కూర్చుని రాస్తున్నా, అక్షరాలు వంకర్లు పోతే ఏమనుకోకు, ఈ సంగతి పొద్దుటి దాకా ఆగేది కాదు.

పోరస్ గెలిచాడురా!

మన బొమ్మల యుద్ధం ఆటలో, మనం చేసుకున్న అడుగు పొడుగు బోర్డు మీదే. మన సైన్యాలే. నువ్వు ఒంటిదంతం అని పిలిచే ఆ ఏనుగు ఉంది చూడు, అదే అలెగ్జాండర్‌ని పడగొట్టింది. పద్నాలుగు ఆటలు ఆడాం మనం, నోట్‌బుక్‌లో పద్నాలుగు గీతలూ అలెగ్జాండర్ వైపే ఉన్నాయి, నేను పోరస్‌గా ఓడాను, నువ్వు పోరస్‌గా ఓడావు, ఆఖరికి ఈ బోర్డు మీద పోరస్ గెలవడం కుదరదని నేనే తేల్చి చెప్పేశాను, నువ్వు ఒప్పుకోలేదు, గుర్తుందా? తొమ్మిదో ఆటలో నువ్వు ఏమన్నావో కూడా గుర్తుంది, అక్కడికే వస్తున్నా.

బోర్డు బ్యాగులో ఎందుకుందంటే, ఇల్లు మారేటప్పుడు లారీలో వెయ్యడానికి మనసు రాలేదు. అప్పట్నుంచీ నాతోనే తిరుగుతోంది. ప్రయాణం పొడుగు, చదవడానికి తెచ్చింది అయిపోయింది, సరే ఒక్కణ్ణే రెండు వైపులా ఆడుకుందామని ఎదురు బెర్త్ ఖాళీగా ఉంటే దాని మీద బోర్డు విప్పాను. రెండు సగాలు, మధ్యలో మనం అతికించిన గుడ్డ మడత, ఇంకా చెక్కుచెదరలేదు. అప్పుడు నువ్వు బోర్డు మీది ఫెల్ట్ గుడ్డ కింద రేకు పెడదాం, బొమ్మలు నిలబెట్టిన బేసుల కింద మాగ్నెట్ షీట్ అతికిద్దాం అని పట్టుబట్టావు చూడు, నేనేమో అంత శ్రమ దేనికన్నాను. ఒరేయ్, రైలు మలుపు తిరిగినప్పుడల్లా నా నీళ్ళ సీసా పడిపోయింది గానీ ఒక్క ఈటె మనిషి కూడా కదల్లేదు. నీకు దణ్ణం.

అప్పుడు పై బెర్త్ మీంచి ఒక తల కిందికి వేలాడింది. పన్నెండేళ్ళు ఉంటాయేమో ఆ పిల్లకి. "అంకుల్, అవి చీమలా?" అంది. ఆరు మిల్లీమీటర్ల బొమ్మలు కదా, పై నుంచి అలాగే కనిపిస్తాయి. కిందికి దిగింది, వాళ్ళమ్మగారు పర్లేదన్నారు, ఇంక మొదలైంది.

నేను చెప్పాను, దీన్ని డీబీఏ అంటారమ్మా, అంటే డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్, పాతకాలం యుద్ధాల్ని బొమ్మలతో ఆడే ఆట, 1990లో వచ్చింది, ఒక్కో వైపు పన్నెండే ముక్కలు, గంటలో అయిపోతుంది. "అంత పెద్ద యుద్ధం పన్నెండు ముక్కల్లోనా?" అంది. ఒక్కో ముక్క ఒక్కో దళం అనుకో అన్నా. ప్రతి వంతుకీ ముందు డైస్ వెయ్యాలి, ఎంత పడితే అన్నే కదలికలు, ఒకటి పడితే ఒక్కటే, మిగతా సైన్యమంతా నిలబడి చూడాల్సిందే. అది వినగానే ఆ పిల్ల మొహం వెలిగింది రా. "అంటే వాళ్ళకి మాట అందలేదన్నమాట" అంది. ఈ ముక్క అర్థం కావడానికి మనకి ఎన్ని ఆటలు పట్టింది?

సరే, అలెగ్జాండర్, పోరస్ తలపడిన జీలం నది యుద్ధం, క్రీ.పూ. 326, అంతా చెప్పా. వానాకాలం, నది పొంగి ఉంది, సేనాని క్రాటెరస్‌ని ఎదురుగా శిబిరంలో ఉంచేసి అలెగ్జాండర్ రాత్రికి రాత్రి ఎగువకి పోయి ఉరుముల వానలో దాటడం, పోరస్ కొడుకు రథాలు బురదలో దిగబడిపోవడం. పోరస్ ఏనుగుల్ని ముందు వరసలో ఎడమెడంగా నిలబెట్టి వెనక కాల్బలాన్ని ఉంచడం, చివరికి దెబ్బలు తిన్న ఏనుగులు తన పర భేదం లేకుండా తొక్కేయడం. అంతా విని, "నేను పోరస్" అంది. నాకు కొంచెం బాధేసింది, మొదటి ఆటలోనే ఓడిపోతుందే అని. సైన్యం మార్చుకుందామా అనడిగా. వద్దంది.

ఇప్పుడు చూడు.

అందరూ పెట్టినట్టు ఏనుగుల్ని ముందు పెట్టలేదు. ఒడ్డు పొడుగునా విలుకాళ్ళని పేర్చింది, మధ్యలో సరిగ్గా ఒక్క బేస్ పట్టేంత ఖాళీ వదిలింది. దాని వెనకాల, రెండు బేసుల దూరంలో, ఒంటిదంతం. ఇంకో ఏనుగు చివర్న, పోరస్ ఎక్కిన ఏనుగు బాగా వెనక్కి. ఇక్కడ ఖాళీ ఉంచావేం, మూసెయ్ అన్నా, కొత్త పిల్ల కదా అని. "ఉండనీండి అంకుల్, లోపలికి రావడానికి దారుండాలి కదా" అంది.

రఘూ, నా చెయ్యి ఆగిపోయింది. గోడ కట్టకురా, గుమ్మం పెట్టు. తొమ్మిదో ఆట, కరెంటు పోయిన రాత్రి, కొవ్వొత్తి పెట్టుకుని ఆడాం, నువ్వు సరిగ్గా ఈ మాటే అని సరిగ్గా ఇలాగే ఖాళీ వదిలావు, తీరా ఏనుగు కదలాల్సిన వేళకి డైస్ మీద ఒకటి పడింది, ఆట పోయింది. ఆ ఒక్క డైస్ చూసి నీ ఆలోచనే తప్పని వాదించాను నేను. రాత్రంతా వాదించాను. నువ్వు మళ్ళీ ఎప్పుడూ ఆ ఖాళీ వదల్లేదు.

ఆట మొదలైంది. నదిలో మొదటి కాలు నాదే పడింది, అప్పుడే కదా డైస్ వేసి నది సంగతి తేల్చేది. మోకాలి లోతు! ఒడ్డు కాపలా కాసేవాళ్ళకి రావాల్సిన ఆ అదనపు బలం కాస్తా పోయింది. నువ్వు నీలం మీద నీలం వేసి వార్నిష్ కొట్టి అంత అందంగా తీర్చిన నది, ఆ పిల్లకి ఏమాత్రం సాయం చెయ్యలేదు. అయినా విలుకాళ్ళు నా గుర్రాల్ని ఒకటి తీసేశారు. నా ఈటెల వరస దాటి వచ్చి వాళ్ళని తోసింది. అటు రెండు, ఇటు రెండు. తన రథం ఒకటి పోయింది, తనకి మూడు. నా బల్లేల వాళ్ళు పోయారు, నాకూ మూడు. నాలుగో ముక్క ఎవరిది పోతే వాళ్ళు ఓడినట్టు.

నా వంతుకి మంచి డైస్ పడింది. ఆ గుమ్మంలోంచి అలెగ్జాండర్‌ని లోపలికి తోస్తే వచ్చే వంతుకి విలుకాళ్ళ వరసని పక్కనుంచి కొట్టొచ్చు. ఏనుగు కనిపిస్తూనే ఉంది. కానీ ఏనుగు కదలాలంటే ఒక పాయింటు ఎక్కువ పెట్టాలి కదా, ఒకటి పడితే అది అక్కడే ఉండిపోతుంది. తొమ్మిదో ఆటలో అదే జరిగింది కదా. తోశాను.

తను డైస్ వేసింది. రెండు.

సరిగ్గా రెండు! ఆ రెండూ ఒంటిదంతానికే పెట్టి అలెగ్జాండర్ మొహాన తెచ్చి ఆనించింది. రేకుకి మాగ్నెట్ టక్కుమంది. ఇద్దరం డైసులు వేశాం, అప్పుడే రైలు ఊగింది, తన డైస్ బెర్త్ మీంచి దొర్లి కింద పడింది. ఇద్దరం ఫోన్ లైటు వేసుకుని వంగి చూశాం. ఆరు. నా గుండె జారిపోయింది, సరే, గెలిచావు అన్నా. ఆ పిల్ల లేచి నిలబడి "కాదంకుల్, కింద పడితే మళ్ళీ వెయ్యాలని ముందే అనుకున్నాం" అంది. నేను వద్దన్నా వినలేదు. ఆరు చేతిలో పెట్టుకుని వదులుకుంది రా! అరచేతులు రెండూ దొప్పలా పట్టి డైస్ ఊపుతుంటే చప్పుడు కూడా నాకు వినిపిస్తోంది.

నాది మూడు. తనది ఐదు.

అవతలి ముక్కని తీసెయ్యడానికి ఏనుగుకి రెట్టింపు రావాలన్న షరతు కూడా అక్కర్లేదు కదా, గుర్రాలు దాని ముందు ఓడితే చాలు, పోయినట్టే. అలెగ్జాండర్‌ని బోర్డు మీంచి నేనే తీసి తన చేతిలో పెట్టాను. కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది, ఆ చిన్న హెల్మెట్ మీద తెల్ల ఈకలు ఎవరు వేశారు అనడిగింది. మా రఘు అని చెప్పా, ఒకే వెంట్రుక ఉన్న బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి.

నీ ఆలోచన కరెక్టేరా. ఆ రాత్రే కరెక్టు. ఒక్క డైస్ పడకపోతే పథకం చెడ్డదని అనకూడదు, నేనన్నాను. అన్నేళ్ళు నువ్వు మళ్ళీ ప్రయత్నించకుండా చేశాను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట ఇది, ఉత్తరంలో… సరే, ముఖాముఖి కలిసినప్పుడు మళ్ళీ చెప్తా.

నోట్‌బుక్ తీసి పదిహేనో గీత పోరస్ వైపు తననే గియ్యమన్నా. గీసి, పక్కన చిన్నగా ఏనుగు బొమ్మ వేసింది, దంతం ఒక్కటే. పక్కన తొమ్మిదో గీత దగ్గర నీ రాత చూసి "ఇక్కడ 'గుమ్మం' అని రాసుందేంటి అంకుల్?" అనడిగింది. చెప్పాను. ఆ అంకుల్‌తో ఆడాలంది.

ఇప్పుడు పై బెర్త్ మీద నిద్రపోతోంది, తెల్లారుతూనే వాళ్ళు దిగిపోతారు. నువ్వు వచ్చే నెల వస్తానన్నావు కదా, నిజంగానే వస్తున్నావా, తేదీ రాయి, ఈసారి పోరస్ నువ్వే, ఈటెల వరస నేను ఎలా మారుద్దామనుకుంటున్నానంటే – లైట్లు ఆర్పేస్తున్నారు, మిగతాది రేపు