సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా మాట తెగుతోంది, మంత్రిగారూ

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి శ్రీ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం.

మీరు డాక్టరు, పైగా ఆన్‌లైన్ చదువుల కంపెనీ నిలబెట్టినవారు. కాబట్టి సూటిగా విషయానికొస్తాను. చాలా ఊళ్లలో ఇప్పుడు మొబైల్ నెట్ స్పీడుకు కరువు లేదు, నిలకడకే కరువు.

సినిమా చూసేవాళ్లకు ఇది అంతగా తెలియదు. ప్లేయర్ కొన్ని సెకన్ల ముక్కల్ని ముందే తెచ్చి దాచుకుంటుంది. సిగ్నల్ పడిపోతే తక్కువ క్వాలిటీ ముక్కలు తీసుకుంటుంది. బొమ్మ మసకబారుతుందే గానీ ఆగదు. ఒకవేళ ఆగినా, విసుక్కుని పడుకుంటాం.

లైవ్ కాల్‌కు ఆ వెసులుబాటు లేదు. ఇంకా మాట్లాడని మాటను ముందే తెచ్చి ఎక్కడ పెట్టుకుంటాం? మాట చిన్న చిన్న డేటా ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను పారేయడమే.

ఊరి హెల్త్ క్లినిక్‌లో ఈ-సంజీవని (డాక్టరుతో వీడియోలో మాట్లాడించే ప్రభుత్వ సేవ) కాల్ సంగతే చూడండి. షుగర్ పేషెంట్ కాలి పుండు డాక్టరుకు చూపించాలని అక్కడి సిస్టర్ ట్యాబ్‌ను దగ్గరగా పట్టుకుంటుంది. ఇటువైపు డాక్టరు ముఖం బాగానే కనిపిస్తుంది. అటువైపు పుండు మాత్రం గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. నెట్‌వర్క్‌లో ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే పోతుంది, పైకి పంపే దారి ఇరుకు. "ఎన్నాళ్ల నుంచమ్మా?" అని డాక్టరు మళ్లీ మళ్లీ అడగాలి. పోనీ వీడియో ఆపేద్దామంటే మాట కూడా తెగుతుంది. నిజానికి మాటకు సెకనుకు వంద కిలోబిట్లు కూడా అక్కర్లేదు. ఆ కాస్తా వరసగా, టైముకు అందితే చాలు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల్లో లేటెన్సీ (డేటా చేరడానికి పట్టే ఆలస్యం), జిట్టర్ (ఆ ఆలస్యంలో హెచ్చుతగ్గులు), ప్యాకెట్ల నష్టం ఉన్నాయి. మంచిదే. కానీ మార్కులు వేసేది సర్కిల్ మొత్తానికి. రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కలో మనది ఇప్పటికీ ఒకటే ఆంధ్రప్రదేశ్ సర్కిల్, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా. మాదాపూర్ మార్కులతో మన్యం కూడా పాసైపోవచ్చు. కంపెనీలు పెట్టే కవరేజీ మ్యాపులూ అంతే. మీ ఊరికి రంగు పూసి ఉందంటే సిగ్నల్ ఉన్నట్టు. రాత్రి ఎనిమిదింటికి ఆ టవర్ మీద ఎంతమంది పడ్డారో ఆ రంగు చెప్పదు.

అందుకే అడుగుతున్నాను. జిట్టర్, ప్యాకెట్ల నష్టం, అప్‌లోడ్ స్పీడు లెక్కల్ని మండలాలవారీగా, రద్దీ వేళలకు విడిగా జనం ముందు పెట్టేలా చూడండి. ట్రాయ్ స్వతంత్ర సంస్థ అని తెలుసు. అయినా కేంద్రం అడిగితే ఆ మాటకుండే బరువు వేరు.

రెండోది మీ శాఖ చేతిలోనే ఉంది. పల్లెలకూ మారుమూలలకూ టెలికాం సేవలు అందించే ప్రభుత్వ నిధి, డిజిటల్ భారత్ నిధి డబ్బుతో వేసే ప్రతి టవర్‌కూ ఫైబర్ లైను, కరెంటు పోయినా నిలిచే బ్యాటరీ కాంట్రాక్టులోనే రాయించండి. టవర్ నిలబెట్టగానే బిల్లు మొత్తం ఇచ్చేయకండి. సాయంత్రం రద్దీలో కాల్ తెగకుండా నడిచిందని తేలాకే చివరి వాయిదా ఇవ్వండి.

ఇట్లు,
ఒక మొబైల్ వినియోగదారు