తక్కువ పాయింట్లు వచ్చిన పాపే గెలిచింది

సంపాదకులు గారికి నమస్కారం.

గత వారం మీ పత్రిక సిటీ పేజీలో హుస్సేన్ సాగర్‌లో జరిగిన పిల్లల తెరచాప పడవల పోటీ గురించి వార్త వేశారు. ఈ ఆటకు చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. కానీ ఫలితం తలకిందులుగా పడింది. 51 పాయింట్లు వచ్చిన బాబు మొదటి స్థానం, 7 పాయింట్లు వచ్చిన పాప ఆఖరి స్థానం అని రాశారు. నిజానికి గెలిచింది ఆ పాపే. 9 పాయింట్లతో కింద నుంచి రెండో స్థానమని మీరు రాసిన అమ్మాయి మా మనవరాలు. అది పై నుంచి రెండోది.

తెరచాప పడవల పోటీలో లెక్క వేరుగా ఉంటుంది. ఒక రేసులో మొదట వచ్చినవాళ్లకు 1 పాయింటు, రెండో వాళ్లకు 2, మూడో వాళ్లకు 3. అలా అన్ని రేసులవీ కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లదే గెలుపు. మా పిల్ల వరుసగా 2, 1, 3, 1, 2 స్థానాల్లో వచ్చింది. ఆరో రేసులో చుక్కాని పిన్ను ఊడిపోయి పూర్తి చేయలేకపోయింది. మొత్తం 14 పడవలు కాబట్టి, రేసు పూర్తి చేయనందుకు దానికి 15 పాయింట్లు పడ్డాయి. అన్నిటికంటే పేలవమైన ఒక రేసును లెక్కలోంచి తీసేయడానికి అక్కడ నియమం ఉంది, ఆ 15 పోయి 9 మిగిలాయి. మీ విలేకరికి నిర్వాహకులు ఇచ్చిన పట్టికలో ఇవన్నీ ఉండే ఉంటాయి. పాయింట్లు ఎక్కువైతే మంచిదే అనుకోవడం సహజం, ఆయన్ను తప్పు పట్టను. కానీ గెలిచిన పాప బస్తీ పిల్ల. వాళ్ల నాన్న పేపరు కొని ఇంటింటికీ చూపించాడు. సాయంత్రానికి ఎవరో చదివి, మీ అమ్మాయి ఆఖరున వచ్చిందట కదా అన్నారట. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో మాట. ఆ వార్తలోనే "చిన్నారులు చకచకా తెడ్లు వేస్తూ దూసుకుపోయారు" అని ఉంది. ఒక్క పిల్ల కూడా తెడ్డు వేయలేదు. వేసి ఉంటే శిక్ష పడేది. గాలితోనూ నీటితోనూ తప్ప వేరే రకంగా పడవను ముందుకు నడపకూడదని సెయిలింగ్ నియమం. తెడ్డు వేయడం మాట అలా ఉంచండి, తెరచాపను విసనకర్రలా పదే పదే లాగి వదలడం కూడా కుదరదు. తెడ్లు వేసేది రోయింగ్. ఒలింపిక్స్‌లోనూ ఆసియా క్రీడల్లోనూ అదో ఆట, ఇదో ఆట. ఆ పోటీలో నడిచినవి ఆప్టిమిస్ట్ పడవలు. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, ఒక్క పిల్ల, ఒక్క తెరచాప, ఒక్క చుక్కాని. పదిహేనేళ్లు, అంతకంటే తక్కువ వయసు వాళ్లకే.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, మాది తాళ్లరేవు. మా తాత కోరంగి పాయ ఒడ్డున చెక్క ఓడలు కట్టిన వడ్రంగి. నేను 1994లో దుబాయ్ వెళ్లి, సొంత తెరచాప పడవలు కట్టేసుకునే రేవులో 22 ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేశాను. ఎక్కువగా నీళ్ల పైపుల పని. పడవలో కుళాయి, సింకు, టాయిలెట్, అడుగున చేరే నీటిని తోడే పంపు, అన్నీ ఉంటాయి. వీటి కోసం పడవ అడుగుకు నీటి మట్టం కింద రంధ్రాలు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో వాల్వు బిగిస్తారు. ఇంట్లో పైపు ఊడితే బాత్రూం తడుస్తుంది. అక్కడ పైపు ఊడితే పడవే మునుగుతుంది. అందుకే ఒక్కో పైపుకు రెండేసి క్లిప్పులు, ఒక్కో వాల్వు పక్కన తాడుతో కట్టిన చెక్క బిరడా. వాల్వు విరిగితే ఆ బిరడాను రంధ్రంలో దిగ్గొట్టాలి. మామూలు ఇత్తడి వాల్వు ఉప్పునీటిలో కొన్నేళ్లకు గులాబీ రంగుకు తిరిగి బిస్కెట్‌లా విరుగుతుంది. కంచుది నిలుస్తుంది. ఈ పనిలో నేను మొదట నేర్చుకున్నది అదే.

మాటలు తప్పుగా అర్థమైతే ఏమవుతుందో అక్కడే చూశాను. ఒక రోజు సాయంత్రం ఓ పడవ యజమాని ఫోన్ చేసి, టాయిలెట్‌కు నీళ్లు తెచ్చే పోర్ట్ సైడ్ వాల్వు కట్టడం మర్చిపోయాను, వెళ్లి కట్టేయండి అన్నాడు. ఫోన్ తీసింది కొత్తగా చేరిన కుర్రాడు, మన కోనసీమ వాడే. పడవల వాళ్ల భాషలో పోర్ట్ సైడ్ అంటే ఎడమ పక్క, వాడికి తెలిసిన పోర్ట్ మాత్రం రేవు. పడవ కుడి పక్క రేవు గట్టుకు ఆనుకుని ఉంది. రేవు వైపున్న వాల్వు అనుకుని కుడి పక్కది, అంటే సింకుది, కట్టేసి వచ్చాడు. ఎడమ పక్కది తెరిచే ఉండిపోయింది. టాయిలెట్ గిన్నె నీటి మట్టం కంటే కిందకే ఉంటుంది కాబట్టి, వెనక్కి నీళ్లు లాగకుండా పైపును పైకి వంచి, ఆ వంపులో గాలి పీల్చే చిన్న మూత పెడతారు. ఆ మూత ఉప్పు పట్టి మూసుకుపోయింది. నీళ్లు రాత్రంతా మెల్లగా గిన్నె అంచు దాటి పొర్లాయి. తోడే పంపు బ్యాటరీ అయిపోయేదాకా ఆడి ఆగిపోయింది. పొద్దున్నే నేను వెళ్లేసరికి పడవ పక్కన ఉండే రంగు గీత నీళ్లలో మునిగిపోయి ఉంది. తలుపు తీస్తే నేల చెక్కలు తేలుతున్నాయి. ఎడమ వాల్వు కట్టి, చేతి పంపుతో మూడు గంటలు తోడాం. పడవ దక్కింది. కుర్రాడికి మాత్రం రెండు నెలల జీతంలో కోత పడింది. వాడికి చెప్పవలసినవాళ్లం మేమే, చెప్పలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

పడవలో ఎడమ, కుడి అనకుండా పోర్ట్, స్టార్‌బోర్డ్ అనేది గొప్ప కోసం కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే ఒకరి ఎడమ ఇంకొకరికి కుడి. పోర్ట్ అంటే ఎవరు ఎటు తిరిగినా పడవ ముక్కు వైపు చూస్తే వచ్చే ఎడమ. దాని దీపం ఎరుపు, స్టార్‌బోర్డ్ దీపం ఆకుపచ్చ. ఆ తర్వాత నేను ప్రతి పడవలో వాల్వు పిడులకు ఆ రంగులే వేశాను. రేసులోనూ దీనితోనే దారి తేలుతుంది. రెండు పడవలు ఎదురుపడితే, గాలి కుడి పక్క నుంచి తగిలే పడవకు రెండోది దారి ఇవ్వాలి. మా మనవరాలు నీళ్ల మీద "స్టార్‌బోర్డ్" అని అరిచేది అందుకే.

తుపాను వార్తల్లో "గంటకు 40 నాట్ల వేగం" అని అప్పుడప్పుడు కనిపిస్తుంది. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. కాబట్టి "40 నాట్ల వేగం" అంటే చాలు. మన సముద్రపు ఒడ్డున వేటకు వెళ్లేవాళ్లు ఆ అంకె చూసే నిర్ణయం తీసుకుంటారు, పక్కన కిలోమీటర్లలో కూడా వేస్తే ఇంకా మంచిది.

తెలుగులో మాటలు లేవని మాత్రం ఎవరూ అనకండి. తెరచాప, చుక్కాని, లంగరు, సరంగు, ఆటుపోట్లు, ఎదురుగాలి, గాలివాటం. గోదావరి మీద పడవలు నడిచిన రోజుల్లో ఇవి పనిలో వాడిన మాటలు. గాలివాటం బతుకు అంటే గాలి ఎటు తోస్తే అటు పోవడమని వాడుతున్నాం. చిన్న పడవ నడిపేవాళ్లను అడగండి, గాలి సరిగ్గా వెనక నుంచి ఉన్నప్పుడు పడవ అటూ ఇటూ ఊగుతూ ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకోమంటుందో చెబుతారు. ఎదురుగాలికి నేరుగా ఏ తెరచాపా పోలేదు. కాస్త ఎడమకు, కాస్త కుడికి వాలుగా కోసుకుంటూ పోవాలి. ఎప్పుడు మళ్లాలో పడవలో ఉన్న పదేళ్ల పిల్ల ఒక్కతే తేల్చుకోవాలి. వార్తలో రాయవలసింది అదీ.

ఇదే హుస్సేన్ సాగర్‌లో నేర్చుకుని కొంగర ప్రీతి హాంగ్‌జౌ ఆసియా క్రీడల దాకా వెళ్లింది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళం తెరచాప నౌక తారిణిలో ఆరుగురు మహిళల్లో ఇద్దరు మన తెలుగువాళ్లు, విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య. భూమిని చుట్టి వచ్చే దారిలో చివరికి చుక్కాని తిప్పే యంత్రం చెడి మారిషస్‌లో ఆగి బాగు చేయించుకుని వచ్చారు. ఆ వార్త చదివిన రోజు నాకు మా వాల్వులూ పైపులూ గుర్తొచ్చాయి.

నేను కోరేది రెండే. ఫలితాన్ని సరిచేసి, గెలిచిన పాప పేరు మొదట వేసి, అదే పేజీలో మళ్లీ ప్రచురించండి. తర్వాతి పోటీకి మీ విలేకరిని ఉదయం స్టార్ట్‌కు ముందే పంపండి. స్టార్ట్‌కు అయిదు నిమిషాల ముందు జెండా ఎగిరినప్పటి నుంచి ఒడ్డున ఆయన పక్కన నిలబడి ఏ పడవ ఎందుకు మళ్లుతోందో చెబుతాను.

ఇట్లు,
తాళ్లరేవు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఉంటున్న మీ పాఠకుడు