కార్నర్ బిట్ అని ఎక్కువ తీసుకుని, పడమటి ఎండకు వదిలేసిన ఇల్లు

హనుమకొండ,
మే 26

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి, ప్రాజెక్ట్ ఇంజనీర్ గారికి,

విషయం: మా డ్యూప్లెక్స్ ఇంటి పడమటి గోడ, అద్దాల తలుపుల వల్ల వస్తున్న వేడి, అగ్రిమెంట్‌లో రాసింది ఒకటి, కట్టింది ఇంకొకటి కావడం.

అయ్యా,

హసన్‌పర్తి వైపు మీరు వేసిన వెంచర్‌లో నార్త్ ఫేసింగ్ కార్నర్ ఇల్లు కొన్నవాణ్ణి. 200 గజాల బిట్, ఉత్తరం రోడ్డు, పడమర రోడ్డు. నార్త్ ఫేసింగ్‌కు ఒక రేటు, కార్నర్‌కు దానిపైన ఇంకో రేటు తీసుకున్నారు. ఇల్లు వేడెక్కుతోందని ఫోన్ చేసిన ప్రతిసారీ మీ ఆఫీసు నుంచి వచ్చే జవాబు ఒకటే: "ఎండాకాలం కదా సార్, వరంగల్‌లో అందరికీ ఇంతే, ఏసీ పెద్దది పెట్టించుకోండి." అందరికీ ఇంతే కాదు. అందుకే ఈసారి రాతపూర్వకంగా ఇస్తున్నాను.

మా పక్కింటిది ఇదే ప్లాను, ఇదే మేస్త్రీ, ఇదే సిమెంటు. వాళ్ల పడమటి గోడకు మా ఇల్లు అడ్డం ఉంది. మా పడమటి గోడకు అడ్డం ఏమీ లేదు. మీ సైట్ ఇంజనీర్‌ను ఒక సాయంత్రం పిలిచి, ఆయన ముందే టెంపరేచర్ గన్‌తో కొలిచాను. రాత్రి తొమ్మిదింటికి మా నైరుతి గదిలో పడమటి గోడ లోపలి వైపు 41 డిగ్రీలు. పక్కింట్లో అదే గది, అదే గోడ 36. అప్పటికి సూర్యుడు కుంకి రెండు గంటలు దాటింది. ఆ గదిలో పడుకునేది మా అమ్మ. మంచం గోడకు ఆనించి వేసినందుకు వీపు కాలుతోందని, ఇప్పుడు హాల్లో పూజ గది ముందు చాప వేసుకుని పడుకుంటోంది. పెద్దావిడ నేల మీద పడుకుని పొద్దున లేవలేక గోడ పట్టుకుని లేస్తుంటే చూడలేకపోతున్నాను.

నేను సౌదీలో, రియాద్‌లో ఏసీ పని చేసి వచ్చినవాణ్ణి. ఏ ఇంటికి ఎన్ని టన్నుల ఏసీ కావాలో లెక్క కట్టడం నా పని. అందుకే మీ "పెద్ద ఏసీ" సలహాను ఒప్పుకోలేను.

మీరు దిక్కు అంటే గుమ్మం ఎటు చూస్తుందో అంతవరకే చూశారు. ఎండకు గుమ్మంతో పని లేదు. పొడుగు గోడ ఎటుంది, అద్దాలు ఎటున్నాయి అన్నదే ఇంట్లో వేడిని తేలుస్తుంది. 30 బై 60 బిట్‌కు రోడ్డు ఉత్తరాన ఉంటే ఇల్లు ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా సాగుతుంది, పొడుగు గోడలు రెండూ తూర్పుకూ పడమరకూ పడతాయి. అదే సైజు బిట్ ఈస్ట్ ఫేసింగ్ అయినా, కొనేవాళ్లు బేరం ఆడే వెస్ట్ ఫేసింగ్ అయినా, పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు ఉంటాయి. పడమటి ఎండకు దొరికేది పొట్టి గోడ మాత్రమే. వరుస మధ్యలో ఉన్న నార్త్ ఫేసింగ్ ఇంటికైతే పక్క ఇల్లు నీడ ఇస్తుంది. మాది వరుస చివర, అదీ పడమటి చివర. అంటే రెండంతస్తుల ఎత్తు, 45 అడుగుల పొడుగు గోడ మొత్తం ఎండకు అప్పజెప్పినట్టే. ఎక్కువ డబ్బు ఇచ్చి కొన్న బిట్టే అన్నిటికన్నా వేడి బిట్ అయింది.

వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణపు గోడ మీద ఎండ పడదనే చెప్పాలి. దెబ్బంతా స్లాబు మీద, తూర్పు పడమటి గోడల మీద. తూర్పు ఎండ పొద్దున పడుతుంది, అప్పటికి గాలి ఇంకా వేడెక్కదు. పడమటి ఎండ మాత్రం గాలి 43, 44 డిగ్రీలకు చేరిన వేళకే వచ్చి పడుతుంది. రెండు వేడులూ ఒకేసారి. గోడ ఆ వేడిని తాగి, మనం పడుకునే వేళకు లోపలికి వదులుతుంది.

కిటికీలకు, అద్దాల తలుపుకు మీరు అన్ని దిక్కులా ఒకే కొలత సజ్జ వేశారు, ఒకటిన్నర అడుగు. ఉత్తరం వైపు, దక్షిణం వైపు అది పని చేస్తుంది. పడమర వైపు చేయదు, ఎందుకంటే సాయంత్రం ఎండ పైనుంచి కాదు, ఎదురుగా వస్తుంది. మే నెలలో నాలుగింటికి ఆ సజ్జ నీడ కిందికి దిగేది అడుగు మాత్రమే. కింద మిగిలిందంతా ఎండే. నైరుతి గదికి మీరు పెట్టిన 6 బై 7 స్లైడింగ్ అద్దం మీద ఆ వేళకు చదరపు మీటరుకు 500 వాట్లకు తక్కువ పడదు. మామూలు సింగిల్ గ్లాసు అందులో చాలావరకు లోపలికి వదిలేస్తుంది. అంటే ఒకటిన్నర కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి మూడున్నర కిలోవాట్లు. దాదాపు అర టన్ను ఏసీ ఆ ఒక్క అద్దానికే సరిపోతోంది. పైగా అవుట్‌డోర్ యూనిట్ పెట్టడానికి మీరు వదిలిన జాగా కూడా అదే పడమటి గోడకు. బాగా ఎండ ఉన్న రోజు నాలుగు దాటితే కంప్రెసర్ ట్రిప్ అవుతోంది. పెద్ద ఏసీ పెట్టినా బిగించేది అక్కడే కదా.

ఇల్లు అమ్మేటప్పుడు మీ సేల్స్ వాళ్లు వాస్తు గురించి గంటసేపు చెప్పారు. నాకూ వాస్తు మీద గౌరవం ఉంది, నైరుతిలో పెద్దవాళ్ల గది ఉండాలని మేమూ అడిగాం. కానీ వాస్తు చెప్పే పెద్దలు పడమర, దక్షిణం బరువుగా ఉండాలని, ఖాళీలూ కిటికీలూ తూర్పు ఉత్తరాలకు ఎక్కువ వదలాలని చెబుతారు. మా ఊళ్లో పాత భవంతి ఇళ్లు అలాగే ఉండేవి. పడమటి వైపు మూరెడు మందం మట్టి గోడ, దానికి చిన్న గవాక్షం, మధ్యలో గచ్చు వాకిలి, దాని చుట్టూ హజారం, అంటే వసారా. మీరు నైరుతి గది ఉంచి, దానికి ఉండాల్సిన బరువు గోడ తీసేసి అద్దం పెట్టారు. మెట్లు, బాత్‌రూములు, స్టోర్‌రూము పడమరకు ఉంటే అవే ఎండను కాచేవి. అవన్నీ తూర్పున, నీడ ఉండే వైపు వేశారు.

బ్రోచర్‌లో దీన్ని "దుబాయ్ స్టైల్ ఎలివేషన్" అన్నారు. ఎడారి ఎండ ఎలాంటిదో నేను చూసి వచ్చాను. దుబాయ్‌లో చాలా అద్దాల టవర్లు డిస్ట్రిక్ట్ కూలింగ్ మీద, ప్లాంటు నుంచి పైపుల్లో వచ్చే చల్లనీళ్ల మీద బతుకుతాయి. అది ఎడారి కట్టడం కాదు, కరెంటు కట్టడం. అసలు ఎడారి ఇల్లు చూడాలంటే రియాద్ పక్కన దిరియాలో అత్ తురైఫ్ చూడాలి. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాత మట్టి ఊరు అది. మందపాటి పచ్చి ఇటుక గోడలు, పిడికెడంత త్రికోణపు రంధ్రాలు, లోపల వాకిలి, ఒక ఇంటి నీడ ఇంకో ఇంటి మీద పడేలా ఇరుకు సందులు. అక్కడ గాలి పొడి కాబట్టి రాత్రికి బాగా చల్లబడుతుంది, గోడలు తాగిన వేడి తెల్లారేసరికి పోతుంది. మనకు ఆ సాయం కూడా లేదు. మేలో రాత్రుళ్లు కూడా వేడిగానే ఉంటాయి, జూన్ వచ్చేసరికి ఉక్క మొదలవుతుంది. ఎడారిలోనే ఎండకు అంత భయపడి కట్టుకుంటే, రామగుండం నుంచి వరంగల్ దాకా ఎండ ఎలా ఉంటుందో తెలిసిన మీరు ఇంకెంత జాగ్రత్తగా కట్టాలి?

ఇక అగ్రిమెంట్ సంగతి. షెడ్యూల్‌లో బయటి గోడలు 9 అంగుళాల ఇటుక గోడలని రాసి ఉంది. ఏసీ పైపు కోసం నైరుతి గదిలో డ్రిల్ పెట్టినప్పుడు ఎర్ర పొడి రావాల్సిన చోట బూడిద రంగు పొడి రాలింది. ప్లాస్టర్ పోను గోడ 6 అంగుళాలే, సిమెంట్ సాలిడ్ బ్లాక్. ఇటుక కన్నా ఆ బ్లాకులో వేడి చాలా త్వరగా పాకుతుంది. ఫోటోలు, టేపు పెట్టి తీసిన కొలతలు ఈ లేఖతో జతచేశాను. బ్రోచర్ బొమ్మలో పడమటి వైపు నిలువు జాలీ, రోడ్డు వెంట గుబురు చెట్లు ఉన్నాయి. జాలీ కట్టలేదు. చెట్ల బదులు నీడ ఇవ్వని పామ్ మొక్కలు నాటారు.

స్లాబు గురించి మిమ్మల్ని అడగడం లేదు. 2023లో మన రాష్ట్రం స్లాబులు చల్లగా ఉంచాలని తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకే తప్పనిసరి, మాది 200 గజాలు. తెల్ల కూల్ రూఫ్ పెయింట్ నా ఖర్చుతో వేయించుకున్నాను. పైగది కొంత నయమైంది. గోడ మాత్రం మీ బాధ్యత.

పడమటి గోడకు బయటి వైపు నుంచే నీడ కావాలి. లోపల కర్టెన్ వేసుకోమని మీ మేనేజర్ అన్నారు, అద్దం దాటి వచ్చిన వేడిలో కర్టెన్ వెనక్కి పంపేది కొంచెమే. బ్రోచర్‌లో చూపిన నిలువు జాలీని రెండంతస్తులకూ కట్టండి, లేదా గోడ బయట ఇన్సులేషన్ వేసి దానిపైన ప్లాస్టర్ చేయించండి. నైరుతి గదిలో ఆ స్లైడింగ్ తీసి, ఇటుకతో మూసి, గాలికి చిన్న కిటికీ వదలండి. అవుట్‌డోర్ యూనిట్‌కు ఉత్తరం వైపు జాగా చేయండి. రోడ్డు వెంట వేప, కానుగ నాటండి. అవి ఎదిగేదాకా ఆగలేం కాబట్టి జాలీ ముందు కావాలి. ఇటుకకు, బ్లాకుకు ఉన్న ఖర్చు తేడా, కార్నర్ పేరుతో తీసుకున్న అదనపు డబ్బు తిరిగి ఇవ్వండి.

ఇంకొకటి. మీరు "గ్రీన్ హోమ్స్" అని ప్రకటించుకున్నారు. ఇళ్లు కరెంటు ఆదా అయ్యేలా కట్టాలని కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహితలో మన వాతావరణానికి గోడలు, కిటికీల గుండా వచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్లు హద్దు. ఆ లెక్కలో గోడ ఏ దిక్కున ఉందో దాన్నిబట్టి గుణకం వేస్తారు. మా ఇంటికి ఆ లెక్క కట్టి, మీ ఆర్కిటెక్ట్ సంతకంతో ఇవ్వండి. రెండో ఫేజులో ఇదే ప్లాను అన్ని బిట్లకూ దించేస్తున్నారని విన్నాను. పడమటి చివర వచ్చే ఇళ్లకైనా ప్లాను మార్చండి, అక్కడ కొనేవాళ్లూ మాలాంటివాళ్లే.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 2016, సెక్షన్ 14 ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు పనితనం, నాణ్యత లోపాలు చెబితే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాల్సిన బాధ్యత మీది. ప్రకటనలో తప్పు చూపించి అమ్మితే నష్టపరిహారం ఇవ్వాలని సెక్షన్ 12 చెబుతోంది. ఈ లేఖ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. 30 రోజుల్లో పని మొదలుకాకపోతే సెక్షన్ 31 కింద తెలంగాణ రెరాలో ఫిర్యాదు వేస్తాను.

మీ ఇంజనీర్‌ను పంపేటప్పుడు మధ్యాహ్నం మూడు తర్వాత పంపండి, రాత్రి తొమ్మిది దాకా ఉండమనండి. మొదటిసారి చూడటానికి వచ్చిన ఇంజనీర్ పొద్దున పదింటికి వచ్చి, గోడ మీద చెయ్యి పెట్టి "బానే ఉంది కదా సార్" అని రాసుకుని వెళ్లారు.

ఇట్లు,
నార్త్ ఫేసింగ్ కార్నర్ ఇంటి యజమాని

జతచేసినవి: అగ్రిమెంట్ షెడ్యూల్ కాపీ, బ్రోచర్ పేజీలు, గోడ ఫోటోలు, టెంపరేచర్ కొలతల కాగితం.