డబ్బాలు కొనేముందు టేపు పట్టుకో

బుజ్జీ,

సామాను సర్దుకోవడానికి ఏ డబ్బాలు, ఏ బుట్టలు కొనాలని అడిగావు కదా. ముందు ఏమీ కొనకు. ఒక్కో రకం వస్తువులన్నీ ఒకచోట కుప్ప పోసి, అక్కర్లేనివి తీసెయ్. మిగిలింది కళ్లకు కనబడితేనే ఎన్ని డబ్బాలు కావాలో తేలుతుంది. డబ్బాలు ముందొస్తే వాటిని నింపడానికే పనికిరానివన్నీ దాచుకుంటాం.

తర్వాత అలమర లోపలి వెడల్పు, లోతు, ఎత్తు రాసుకో. తలుపులున్న అలమరైతే తలుపు తెరిచాక మిగిలే దారిని కూడా కొలువు. లోపల 50 సెంటీమీటర్లున్నా, చట్రం, బందులు అడ్డం రావడం వల్ల దారి 46 మాత్రమే ఉండొచ్చు. అప్పుడు 48 సెంటీమీటర్ల సొరుగు డబ్బా లోపలి కొలతకు సరిపోతుంది కానీ ఆ దారిలో దూరదు. డబ్బాను పై అంచు దగ్గర కొలవాలి. చాలా డబ్బాలు అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉంటాయి. చెయ్యి దూరడానికి పైన కనీసం 5 సెంటీమీటర్లు వదులు. మంచం కింద పెట్టేవాటికి నేల నుంచి మంచం అడ్డపట్టీ దాకా ఉన్న ఎత్తే లెక్క, చక్రాల ఎత్తు కూడా అందులోనే ఇమడాలి.

గుండ్రటివి చూడ్డానికి బాగుంటాయి కానీ నాలుగు మూలల్లో కలిపి ఐదో వంతు చోటు వృథా. నలుచదరంవే తీసుకో.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 5 అంటే పాలీప్రొపిలీన్, కాస్త వంగుతుంది, వేడినీళ్లకు తట్టుకుంటుంది. 6 అంటే పాలీస్టైరీన్. గట్టి డబ్బాల్లో అది అద్దంలా మెరుస్తుంది, కిందపడితే పగులుతుంది. ఆ అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే చెబుతుంది. తినే వస్తువులకు పనికొస్తుందో లేదో చెప్పేది గ్లాసు, ఫోర్కు బొమ్మల గుర్తు. ఏదైనా సరే, ఎండ తగిలేచోట పెడితే పెళుసెక్కి విరుగుతుంది.

గాలి చొరబడకూడదనుకుంటే మూతలో సిలికాన్ రింగు ఉండాలి, అది ఊడదీసి కడిగేలా ఉండాలి. ఊడకపోతే దాని కింద తడి నిలిచి బూజు పడుతుంది. కొన్నాక కొంచెం నీళ్లు పోసి, మూత బిగించి తలకిందులు చెయ్, కారితే వాపసు ఇచ్చెయ్.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది మూతల గురించే. రోజూ తీసేవాటికి మూత వద్దు. డబ్బా మీద డబ్బా పేర్చి, అడుగుదాంట్లో రోజూ వాడేది పెడితే, తీసేవాళ్లు తీస్తారు కానీ తిరిగి పెట్టరు, పైనే పడేస్తారు. అలాంటివాటికి ముందువైపు తెరిచి ఉన్న బుట్టలు, లేదా సొరుగులే మంచివి. మూత డబ్బాలు ఏడాదికోసారి తీసేవాటికి ఉంచు, పేరు పైన కాకుండా ముందువైపు అంటించు.

బరువు చూసుకో. 40 లీటర్ల డబ్బా నిండా పుస్తకాలు పెడితే 20 కిలోలు దాటుతుంది. పుస్తకాలకు చిన్నవే తీసుకో. అరల్లో చెక్కపొట్టు పలకలు పొడవెక్కువైతే నడుమ కుంగుతాయి. ఒక్కో అడుగు పొడవుకు అంతే బరువు పెట్టినా, ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంపు 16 రెట్లవుతుంది. 80 సెంటీమీటర్లు దాటితే మధ్యలో ఒక ఆధారం ఉండాల్సిందే. ఎత్తైన ర్యాకును తప్పకుండా గోడకు స్క్రూలతో బిగించు. పిల్లలు సొరుగులు లాగి ఎక్కితే అది ముందుకు పడిపోతుంది.

గాలి లాగేసే సంచుల్లో బట్టలు పూర్తిగా ఆరాకే పెట్టు, చెమ్మ ఉంటే లోపలే ముక్కిపోతాయి. ఈకల దుప్పట్లు, తోలు వస్తువులు వాటిలో వద్దు, నలిగి పాడవుతాయి.

మొదట ఒక్క డబ్బా కొని వారం వాడి చూడు. కుదిరితే అదే కంపెనీది, అదే సైజు మిగతావి తెచ్చుకో. వేర్వేరు కంపెనీలవైతే మూతలు కలవవు, ఒకదానిమీద ఒకటి నిలవవు. కొలతలు రాశాక ఆ కాగితం ఫొటో పంపు, సైజులు కలిసి చూద్దాం.

ప్రేమతో,
అమ్మ